పుస్తకాల వెనకున్న గొంతులు

శ్రోతలందరికీ నమస్కారం.

మన దగ్గర ఎం.ఏ. ఇంగ్లీష్ చదివినవాళ్లకు యేట్స్, జాయిస్, బెకెట్ పేర్లు కొత్తకాదు. చాలాచోట్ల వాళ్లను బ్రిటిష్ సాహిత్యం పేపర్లో కలిపి చదివేస్తాం. నిజానికి ఈ రచయితలు ముగ్గురూ ఐర్లండ్ రాజధాని డబ్లిన్‌లో పుట్టినవాళ్లే. ఐర్లండ్ సాహిత్యమే తీసుకుని పీజీ, పీహెచ్‌డీ చేయాలనుకునే పిల్లలకు ఈరోజు నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. ఇంగ్లీష్ పుస్తకాల దగ్గర ఆగిపోకండి. ఐరిష్ భాష నేర్చుకోండి. ఆ భాషలో పల్లెల్లో చెప్పుకున్న కథల దాకా వెళ్లండి.

జాన్ మిల్లింగ్టన్ సింగ్ అనే రచయిత 1898లో ఐర్లండ్ పడమటి తీరంలోని అరాన్ దీవులకు వెళ్లాడు. అక్కడ ఒక ముసలాయన ఆయనకొక సంగతి చెప్పాడు. ఒకడు పార దెబ్బతో కన్నతండ్రిని చంపి పారిపోయి వస్తే, దీవి జనం వాణ్ణి పోలీసులకు చిక్కకుండా దాచి అమెరికా పంపించేశారట. ఆ కబురులోంచే 1907లో డబ్లిన్‌లోని ఆబీ థియేటర్‌లో 'ద ప్లేబాయ్ ఆఫ్ ద వెస్టర్న్ వరల్డ్' నాటకం పుట్టింది. చూసిన జనం హాల్లోనే గొడవకు దిగారు. ఆ నాటకంలో పాత్రలు మాట్లాడేది ఇంగ్లీషే, కానీ వాక్యం నడక ఐరిష్‌ది. ఐరిష్‌లో క్రియ వాక్యం మొదట్లోనే వస్తుంది, మన తెలుగులో చివరికి వచ్చినట్టు కాదు. ఈ సంగతి తెలియకుండా చదివితే సింగ్ ఇంగ్లీష్ వింతగా అనిపిస్తుందే తప్ప, అలా ఎందుకుందో అర్థం కాదు.

ఈ మాట పాతదే. థామస్ మెక్‌డొనా అనే కవి యూనివర్సిటీ కాలేజ్ డబ్లిన్‌లో ఇంగ్లీష్ లెక్చరర్. ఐర్లండ్‌లో ఇంగ్లీషులో రాసిన కవిత్వానికి కూడా ఐరిష్ మాట నుంచీ పాట నుంచీ వచ్చిన లయ వేరే ఉందని ఆయన ఒక పుస్తకమే రాశాడు. 1916లో బ్రిటిష్ పాలన మీద జరిగిన ఈస్టర్ తిరుగుబాటులో పాల్గొన్నందుకు మే నెలలో ఆయన్ను కాల్చి చంపారు. పుస్తకం ఆ తర్వాత వెలువడింది. ఆ రోజుల్లో అదే కాలేజీలో చదువుకుంటున్న భారతీయ విద్యార్థుల్లో బరంపురం తెలుగు కుర్రాడు ఒకరున్నారు. తర్వాత మన రాష్ట్రపతి అయిన వి.వి. గిరి.

ఇక కథల సంగతి. ఐర్లండ్ నైరుతి మూల కెర్రీ ప్రాంతంలో సముద్రం ఒడ్డు పల్లెలో షాన్ ఓ కొన్నల్ అనే రైతు ఉండేవాడు. చదవడం, రాయడం రాదు, ఇంగ్లీష్ రాదు. నోటినిండా కథలు. వినేవాళ్లు ఒక్కొక్కరే తగ్గిపోయారు. కథలు ఎక్కడ మరిచిపోతానోనని పశువులు కాస్తూ రాతిగోడకు చెప్పుకునేవాడు. సంత నుంచి వస్తూ బండి వెనక నడుస్తూ, చేతులు ఊపుతూ బండికే చెప్పేవాడు. షేమస్ డెలార్గీ అనే పరిశోధకుడు ఏళ్ల తరబడి ఆయన దగ్గర కూర్చుని అవన్నీ రాసుకున్నాడు. ఇలాంటి కథలు సేకరించడానికి 1935లో ఐరిష్ జానపద కమిషన్ ఏర్పడితే దాన్ని నడిపిందీ డెలార్గీయే.

కమిషన్ మనుషులు రికార్డింగ్ మెషిన్ మోసుకుంటూ ఇంటింటికీ తిరిగారు. మైనపు సిలిండర్ల మీద కథ రికార్డు చేసి, తర్వాత మాట పొల్లుపోకుండా కాగితం మీదకు ఎక్కించేవాళ్లు. డబ్బులకు కటకట కాబట్టి ఆ మైనం పైపొర గీకేసి, అదే సిలిండర్ మళ్లీ వాడేవాళ్లు. మాటలు మిగిలాయి, గొంతులు పోయాయి. రేడియోలో మాట్లాడుతున్నాను కాబట్టి ఇది నన్ను మరీ బాధపెడుతుంది.

1937 నుంచి 1939 దాకా బడిపిల్లల చేత కూడా కథలు రాయించారు. సుమారు 5,000 బళ్లు. అమ్మమ్మల్నీ తాతల్నీ అడిగి రాసుకొచ్చిన కథలు, నాటు మందులు, వానరాకడ గుర్తులు, దాచిన నిధుల కబుర్లు. 1845లో బంగాళాదుంపకు తెగులు వచ్చి మొదలైన కరువు సంగతులూ ఉన్నాయి. ఆ కరువులో సుమారు 10 లక్షల మంది చనిపోయారు. పిల్లలకు చెప్పిన ముసలివాళ్లలో చాలామంది దాన్ని తమ తల్లుల నోట విన్నవాళ్లు. కరువు మీద థీసిస్ రాసేవాళ్లకు ఇంతకన్నా దగ్గరి సాక్ష్యం ఎక్కడ దొరుకుతుంది?

పిల్లలు రాసిన ఆ నోటుబుక్కులు ఇప్పుడు యూనివర్సిటీ కాలేజ్ డబ్లిన్‌లో ఉన్నాయి. స్కాన్ చేసి దూఖస్ అనే వెబ్‌సైట్‌లో పెట్టారు, ఉచితంగా చదువుకోవచ్చు. ఐరిష్‌లో రాసిన పేజీలు పాత లిపిలో ఉంటాయి, కొన్ని అక్షరాల మీద చుక్క కనిపిస్తుంది. ఇప్పటి అచ్చులో ఆ చుక్క బదులు 'హెచ్' అక్షరం వేస్తారు. ఇది తెలిస్తే పాత లిపి త్వరగానే పట్టుబడుతుంది.

అక్కడ ఎం.ఏ. మామూలుగా ఏడాదే. రెండు సెమిస్టర్లు క్లాసులు, వేసవిలో థీసిస్. అక్కడికెళ్లాక భాష మొదలుపెడితే ఊపిరాడదు. కాబట్టి అప్లికేషన్ పెట్టకముందే మొదలుపెట్టండి. గాల్వే, డబ్లిన్ యూనివర్సిటీల వాళ్లకు అప్లికేషన్‌తో పంపే వ్యాసంలో జాయిస్ అంటే ఇష్టమని అందరూ రాస్తారు. మీరు ఆ నోటుబుక్కుల్లో ఒక పేజీ ఎంచుకుని, దాని గురించి ఏం తెలుసుకోవాలనుకుంటున్నారో రాయండి.

సెలవు.