గోడ గడియారం తీసేస్తే: శరణార్థుల కోసం ఒక ప్రచార నమూనాపై చర్చ

వ్యాఖ్యాత: నమస్కారం. శరణార్థులకు మద్దతుగా, చూసేవారు కూడా పాలుపంచుకునేలా ఒక అవగాహన ప్రచారాన్ని ఎలా తీర్చిదిద్దాలన్నది ఈనాటి చర్చ. రూపకర్త గారూ, మీ నమూనాలో సందర్శకుడు చేయవలసింది ఏమిటి?

రూపకర్త: తెర మీద ఒక గది, గోడకు గడియారం కనిపిస్తాయి. ముప్పై సెకన్లలో ఐదు వస్తువులను సంచిలోకి లాగి, వాటితోనే సరిహద్దు దాకా ప్రయాణించాలి. 2018లో వెలువడిన ఒక అమెరికా అధ్యయనంలో, మీరే శరణార్థి అయితే వెంట ఏం తీసుకెళ్తారు, ఎక్కడికి వెళ్తారు అని ఆలోచింపజేసినప్పుడు, సిరియా శరణార్థుల పక్షాన అధ్యక్షుడికి లేఖ రాయడానికి ముందుకు వచ్చినవారి సంఖ్య పెరిగింది. మా ఆలోచనకు అదే ఆధారం.

న్యాయవాది: ఆ ప్రభావం స్వల్పకాలికమని కూడా ఆ పరిశోధకులే చెప్పారు కదండీ. మీ ఆట "ధన్యవాదాలు" అన్న మాటతో ముగుస్తోంది. కదిలిన మనసు చల్లారకముందే, అదే తెరపై, ప్రజాప్రతినిధికి లేఖ పంపడమో, కొత్తగా వచ్చినవారికి స్థానిక భాష నేర్పేందుకు వారానికి ఒక గంట కేటాయించడమో, ఏదో ఒక పని చేతికి అందాలి. ఇక మీ మొదటి తెర మీది అంకె నాకు మరింత ఇబ్బందిగా ఉంది. 2024 చివరికి బలవంతంగా ఇల్లు విడిచినవారు 12.32 కోట్లని ఐక్యరాజ్యసమితి శరణార్థి సంస్థ లెక్క. మీరు వారందరినీ శరణార్థులన్నారు, కానీ అందులో 7.35 కోట్ల మంది సొంత దేశం దాటనే లేదు. 1951 నాటి అంతర్జాతీయ శరణార్థుల ఒడంబడిక ప్రకారం జాతి, మతం, జాతీయత, సామాజిక వర్గం, రాజకీయ అభిప్రాయం కారణంగా వేధింపులు తప్పవన్న సహేతుకమైన భయంతో స్వదేశం వెలుపల ఉన్నవారే శరణార్థులు. ఇది చాదస్తంగా తోచవచ్చు, కానీ వ్యతిరేకించేవారికి ఒక్క తప్పు అంకె దొరికితే చాలు, మిగతాదంతా అబద్ధమనేస్తారు.

వ్యాఖ్యాత: అధ్యాపకురాలు గారూ, మీరు శరణార్థిగా ఎనిమిదేళ్లు గడిపారు. ఈ గదిని చూస్తే మీకేమనిపించింది?

అధ్యాపకురాలు: ఇది మా ఇల్లు కాదనిపించింది. ఫొటో ఆల్బమ్, బొమ్మ, గిటార్ పెట్టారు. ఫోన్ ఛార్జర్ లేదు, డిగ్రీ పట్టాలు లేవు, మా అమ్మ వేసుకునే రక్తపోటు మాత్రలు లేవు. పది రోజుల్లో తిరిగొస్తామనుకొని ఆమె కుండీల్లో మొక్కలకు నీళ్లు పోసి, తలుపుకు తాళం వేసి, తాళంచెవిని మెడలో వేసుకుంది. ముప్పై సెకన్లలో పరుగు తీసినవారూ ఉంటారు, కాదనను. మేము మాత్రం వెళ్లాలా వద్దా అని మూడు వారాలు తర్జనభర్జన పడ్డాం. ఆ ఊగిసలాటే అసలు నరకం, అది మీ ఆటలో లేదు.

రూపకర్త: గడియారం తీసేసి, రోజుకొక వార్త, రోజుకొక నిర్ణయం అన్నట్టు మార్చవచ్చు. చివరి తెరపై మీవంటివారి ఫొటోలు వేయాలనుకున్నాం.

అధ్యాపకురాలు: ముఖాలు వద్దండీ. మేము బయటపడ్డాం కానీ మా పిన్ని కుటుంబం ఇంకా అక్కడే ఉంది. నా ముఖం ఒక పోస్టరు మీద కనిపిస్తే విచారణ వాళ్ల గుమ్మం దాకా వెళ్తుంది. గొంతు వాడుకోండి, అదీ అడిగి, రాతపూర్వకంగా అంగీకారం తీసుకొని, వద్దన్న రోజున తీసేసేటట్టయితేనే.

న్యాయవాది: గదిలో ఏ వస్తువులుండాలో కూడా వారినే అడగండి. వారు వెచ్చించే సమయానికి పారితోషికం మీ బడ్జెట్లో ఉందా?

రూపకర్త: ముద్రణకు, తెరలకు ఉంది. దానికి లేదు. చేర్చాలి.