ఆట కూడా కళేనా?

సభకు నమస్కారం.

మన ఊళ్లలో ఇప్పటికీ సినిమాకు మొదటి ఆట, రెండో ఆట అనే అంటాం. తోలుబొమ్మలాట అంటాం. ‘ఆడటం’ అనే ఒక్క మాటలో నాట్యం ఉంది, నటన ఉంది, గోలీలాటా ఉంది. అలాంటి మనమే వీడియో గేమ్ దగ్గరికి వచ్చేసరికి ‘పిల్లలు పాడైపోతున్నారు’ అని మాట తుంచేస్తాం. ఆ భయం నిజమైనదే. పిల్లలున్న ప్రతి ఇంట్లోనూ ఆ టెన్షన్ ఉంది. కానీ అది వేరే చర్చ.

అమెరికాలో రోజర్ ఎబర్ట్ అని పేరున్న సినిమా విమర్శకుడు ఉండేవారు. వీడియో గేమ్‌లు ఎన్నటికీ కళ కాలేవని 2010లో వ్యాసం రాశారు. అంతకు ముందు నుంచీ ఆయన చెబుతూ వచ్చిన కారణం కొట్టిపారేయదగ్గది కాదు: కథను నడిపించాల్సింది రచయిత, ఆ పగ్గాలు ఆడేవాడి చేతికిచ్చేస్తే ఇక రచయిత ఏం చెప్పినట్టు? చాలాకాలం నాకూ అదే సబబనిపించింది. 2012లో న్యూయార్క్‌లోని మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్ 14 గేమ్‌లను తన సేకరణలో చేర్చుకుందని చదివినప్పుడు కూడా నా అభిప్రాయం మారలేదు. ఆ పద్నాలుగింటిలో ఒకటి స్వయంగా ఆడాక మారింది.

దాని పేరు ‘పాసేజ్’. జేసన్ రోరర్ 2007లో చేశారు. అయిదే నిమిషాల ఆట. తెర మీద రిబ్బన్ ముక్కంత సన్నటి పట్టీ, అందులో చుక్కలతో గీసిన ఓ చిన్న మనిషి. బాణం గుర్తు నొక్కుతుంటే నడుస్తాడు. మొదట్లోనే ఒక అమ్మాయి కనిపిస్తుంది. ఆమెను తాకితే ఇక ఇద్దరూ కలిసే నడుస్తారు. పక్కన సందుల్లో నిధి పెట్టెలుంటాయి. తెరిస్తే కొన్నిట్లో పాయింట్లు. అయితే కొన్ని సందులు ఇరుకు, ఇద్దరు పట్టరు. ఒక్కడే అయితే దూరిపోవచ్చు.

ఎక్కడా డైలాగు లేదు. ఇద్దరు పట్టని ఆ సందుతోనే సంసారం గురించి ఆయన చెప్పాల్సింది చెప్పేశారు. పగ్గాలు నా చేతిలోనే ఉన్నాయి, నిజమే. కానీ ఆ సందును ఇరుకుగా కట్టింది రోరర్. ఎబర్ట్ గారి ప్రశ్నకు నాకు దొరికిన జవాబు ఇదే.

నడుస్తూ ఉండగానే ఇద్దరి జుట్టూ నెరుస్తుంది, నడుం వంగుతుంది. ఉన్నట్టుండి ఆమె ఉన్నచోట ఒక సమాధి రాయి మిగులుతుంది. నా వేలు బాణం మీదే ఆగిపోయింది. ముందుకు వెళ్లాలంటే ఆమెను అక్కడ వదిలి నేనే నడవాలి. సినిమాలో ఎవరైనా పోతే నేనూ ఏడుస్తాను. కానీ వదిలేసి వచ్చింది నేనే అన్న బరువు అక్కడ నా మీద పడదు.

ప్రతి గేమూ కళ అని నేననను. డబ్బు గుంజడానికే చేసినవి బోలెడున్నాయి. అలాంటి సినిమాలూ, నవలలూ కూడా తక్కువేం కాదు.

రెండోసారి ఆమెను తాకకుండా ఒక్కడినే వెళ్లాను. ఇరుకు సందులన్నీ దూరి పెట్టెలు తెరిచాను. చివరికి వచ్చిన పాయింట్లెన్నో నాకు గుర్తు లేదు. ఆమెను దాటి వెళ్లిన చోటు మాత్రం గుర్తుంది.

బయట బల్ల మీద లాప్‌టాప్‌లో ఆ ఆట పెట్టించాను. అయిదు నిమిషాలే పడుతుంది. దయచేసి గుంపుగా కాకుండా ఒక్కొక్కరే కూర్చుని ఆడండి. నమస్కారం.