సెల్ఫ్ తిరుగుతోంది, ఇంజిన్ అందుకోవట్లేదు: ఇమ్మొబిలైజర్ దగ్గర ఓబీడీ స్కానర్ ఎంతవరకు పనికొస్తుంది?

వినండి ఒకసారి. కీ తిప్పుతున్నా... సెల్ఫ్ చక్కగా తిరుగుతోంది, ఇంజిన్ మాత్రం అందుకోవట్లేదు. మళ్ళీ తిప్పుతా... ఆ, అందుకుంది... ఆగిపోయింది. సెకను కూడా ఆడలేదు. ఇప్పుడు కెమెరా మీటర్ దగ్గరికి తెస్తున్నా చూడండి. కారు బొమ్మ, దాని మీద తాళం గుర్తు, ఆ ఎర్ర లైట్ టకటకా కొట్టుకుంటోంది కదా? ట్యాంకు నిండా పెట్రోలుంది, బ్యాటరీ కొత్తది. బండికి నేనెవరో తెలియట్లేదు, అదీ గొడవ. కీ తనది కాదనుకుంటే ఇంజిన్ ఆడనివ్వని ఈ కాపలా ఏర్పాటునే ఇమ్మొబిలైజర్ అంటారు.

నమస్తే అండీ. ఇవాళ రెండు వస్తువులు చూద్దాం. ఒకటి అగ్గిపెట్టంత బ్లూటూత్ ఓబీడీ డాంగిల్, అంటే బండి కంప్యూటర్లలో నమోదైన తప్పులు చదివే ముక్క, ఫోన్‌లో యాప్‌తో నడుస్తుంది. రెండోది చేత్తో పట్టుకునే స్కానర్. స్క్రీన్ దానికే ఉంది, డబ్బా మీద 'ఇమ్మొబిలైజర్ సపోర్ట్' అని ఇంతింత అక్షరాలతో రాశారు. రెండూ నా డబ్బుతో కొన్నవే, ఎవరూ పంపలేదు. పేర్లు చెప్పట్లేదు, ఎందుకంటే ఇదే సామాను పది పేర్లతో దొరుకుతోంది.

ఈ ఫాల్ట్ నేను కావాలని పెట్టింది. కానీ మొదటిసారి కావాలని పెట్టలేదు, నా తెలివితక్కువతనం వల్ల వచ్చింది. కీ షెల్ పగిలితే కొత్త షెల్ తెప్పించి నేనే మార్చాను. లోపలి బోర్డు మార్చా, బ్లేడు మార్చా, బటన్ నొక్కితే డోర్లు తెరుచుకున్నాయి. భలే చేశాననుకుని పాత షెల్ చెత్తబుట్టలో పడేశా. పొద్దున్నే బయల్దేరితే ఇదిగో, ఇదే లైట్. రెండు గంటలు ఫ్యూజులన్నీ పీకి చూశాక అప్పుడు నా బుర్రలో వెలిగింది. చెత్తబుట్ట బోర్లించి పాత షెల్ విప్పితే, ఒక మూల చిన్న గాడిలో ఉంది. దగ్గరగా చూపిస్తా... ఈ నల్లటి చిప్ ముక్క. బియ్యపు గింజ కంటే కాస్త పెద్దది, అంతే. అసలు తాళంచెవి ఇదే. మీరు చేత్తో తిప్పే ఇనుప బ్లేడు దీనికి పిడి లాంటిది.

ఇది పనిచేసే తీరు తెలిస్తే మిగతా వీడియో అంతా సులువు. కీ దూర్చే చోట, ప్లాస్టిక్ కవర్ కింద తాళం చుట్టూ ఒక రింగు ఉంటుంది, రాగి తీగ చుట్ట. మీరు కీ ఆన్ చేయగానే అది చాలా బళ్ళలో 125 కిలోహెర్ట్జ్ దగ్గర పలుకుతుంది. చిప్‌కి సొంత బ్యాటరీ ఉండదు, ఆ రింగు ఇచ్చే శక్తితోనే మేలుకుని జవాబిస్తుంది. కాబట్టి కొద్ది సెంటీమీటర్ల దూరం దాటితే ఇక వినపడదు. బండి ప్రతిసారీ కొత్త ప్రశ్న వేస్తుంది, చిప్ లెక్కగట్టి జవాబు చెబుతుంది. సరిపోతేనే ఈసీయూ, అంటే ఇంజిన్ కంప్యూటర్, పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్లకి, స్పార్క్‌కి అనుమతిస్తుంది. సరిపోకపోతే కొన్ని కంపెనీలు సెల్ఫ్ కూడా తిరగనివ్వవు, కొన్ని ఒకట్రెండు సెకన్లు ఆడనిచ్చి పీక నొక్కేస్తాయి.

డోర్లు తెరిచే బటన్ సంగతి వేరు. అది 433 లేదా 315 మెగాహెర్ట్జ్ రేడియో, దానికే ఆ బిళ్ళ సెల్లు. కాబట్టి "డోర్లు తెరుచుకుంటున్నాయిగా, కీ బాగానే ఉంది" అనుకోవద్దు, నేను మోసపోయింది అక్కడే. అలాగే బ్లేడు కీ బళ్ళలో సెల్లు అయిపోయినంత మాత్రాన ఇంజిన్ ఆగదు. పుష్ బటన్ బండైతే సెల్లు అయిపోయినప్పుడు బండి ఫాబ్‌ని, అంటే జేబులో ఉండే రిమోట్ కీని, గుర్తుపట్టదు. అప్పుడు మాన్యువల్‌లో చూపించిన చోట ఆనించి స్టార్ట్ చేయాలి. చాలావాటిలో స్టార్ట్ బటన్‌కే తాకించాలి.

స్కానర్ తీసే ముందు లైట్ చూడండి, అది ఉచితం. కీ ఆన్ చేయగానే కాసేపు వెలిగి ఆరిపోతే సాధారణంగా ఇమ్మొబిలైజర్ ఒప్పుకున్నట్టే, తప్పు ఫ్యూయల్ పంపులోనో, ఇంజిన్ తిరగడాన్ని పసిగట్టే క్రాంక్ సెన్సర్‌లోనో వెతకాలి. ఆరకుండా ఉన్నా, గబగబా కొట్టుకున్నా ఒప్పుకోలేదని అర్థం. బండి లాక్ చేసి ఉన్నప్పుడు మెల్లగా మినుకుమినుకుమంటే అది కాపలా, కంగారు పడొద్దు. తర్వాత రెండో కీతో ప్రయత్నించండి. గుత్తిలో ఇంకో బండి చిప్ కీ ఉంటే తీసేయండి, రెండు చిప్‌లూ ఒకేసారి జవాబిస్తే రింగుకి ఏదీ అర్థం కాదు. బ్యాటరీ కూడా ఓసారి కొలవండి. ఊరికే ఉన్నప్పుడు 12.6 వోల్టులు ఉండాలి, సెల్ఫ్ కొట్టేటప్పుడు 9.6 కంటే కిందకి జారితే కంప్యూటర్లు మాట మధ్యలోనే పడుకుంటాయి.

సరే, డాంగిల్. స్టీరింగ్ కింద 16 పిన్నుల సాకెట్‌లో పెట్టా. ఉచిత యాప్ ఏమందో చూడండి. 'ఏ కోడూ లేదు', అంటే ఏ తప్పూ నమోదు కాలేదట. ఎదురుగా ఎర్ర లైట్ కొట్టుకుంటుంటే! డాంగిల్ చెడిపోలేదు. ఇలాంటి యాప్‌లు ఇంజిన్ పొగకి సంబంధించిన కోడ్‌లనే చదువుతాయి, ఇమ్మొబిలైజర్ కోడ్ తరచూ వేరే కంప్యూటర్‌లో ఉంటుంది. మీ కంపెనీ బళ్ళ కోసం చేసిన యాప్ వేస్తే అదే డాంగిల్‌కి నోరొస్తుంది. పీ 0513 అంటే తప్పు కీ. పీ 0633 అంటే కీ ఈసీయూలో నమోదు కాలేదు. యూ 0167 అంటే ఇమ్మొబిలైజర్ యూనిట్ అసలు పలకట్లేదు, అది వైరో, ఫ్యూజో, యూనిట్టో. కోడ్ చెరిపేస్తే బండి స్టార్ట్ అవుతుందనుకోకండి, కారణం ఉన్నంతసేపూ మళ్ళీ వస్తుంది.

ఇక పెద్ద స్కానర్. దీంట్లో నాకు నచ్చింది ఒకే ఒక్క పేజీ, లైవ్ డేటా. మూడు వరుసలు చూడండి. నమోదైన కీలు: 2. కీ కనిపించిందా: లేదు. కీ సరిపోయిందా: లేదు. ఇప్పుడు చిప్ తీసేసిన ఈ ఖాళీ కీ తీసి రెండో కీ పెడుతున్నా... చూశారా, రెండూ 'అవును'. ఇప్పుడు వేరే బండి చిప్ పెడతా. కనిపించిందా, అవును. సరిపోయిందా, లేదు. ఇంకోటి చూడండి, రింగు కనెక్టర్ పీకేశా. ఇప్పుడు మంచి కీ పెట్టినా 'కనిపించలేదు' అంటోంది. అంటే ఒక కీ కనిపించకపోతే తప్పు కీలో, ఏ కీ కనిపించకపోతే రింగులోనో దాని వైరులోనో. ఈసీయూ మార్చాలని ఎవరైనా అంటే ముందు ఈ పేజీ చూపించమనండి.

డబ్బా మీద ఊరించిన కీ ప్రోగ్రామింగ్‌కి వస్తే, నొక్కగానే పిన్, అంటే రహస్య నంబరు, అడిగింది, అక్కడితో సరి. చాలా బళ్ళకి ఆ పిన్ కంపెనీ దగ్గర్నుంచే రావాలి. తప్పు పిన్ పదేపదే కొడితే కొన్ని బళ్ళు కాసేపు ఏ పిన్నూ తీసుకోకుండా మొండికేస్తాయి. ఇంకా భయపెట్టేది 'అన్ని కీలు తొలగించు' అనే మెనూ. సగంలో బ్యాటరీ దిగితే పనిచేసే కీ కూడా పోవచ్చు. నేనైతే దాని జోలికి పోను. ఇమ్మొబిలైజర్ బైపాస్ చూపించమని మెసేజులు వస్తున్నాయి, అది చూపించను. యూరప్‌లో కొత్త కార్లకి 1998 నుంచి దీన్ని తప్పనిసరి చేసింది దొంగల కోసమే.

రెండు స్కానర్లూ చూడలేనిది ఒకటుంది. కొన్నాక పెట్టించుకున్న అలారం, జీపీఎస్ ట్రాకర్. వాటి రిలే, అంటే కరెంటుని కలిపి తెంపే స్విచ్, ఇంజిన్ వైరు మధ్యలో కూర్చుంటుంది, బండి కంప్యూటర్‌కి అది ఉందనే తెలియదు. కీ సరిపోయిందని స్కానర్ అంటున్నా పంపు చప్పుడు రాకపోతే డాష్‌బోర్డ్ కింద టేపు చుట్టిన వైర్లు వెతకండి.

నా మాట, డాంగిల్ కొనుక్కుని గ్లవ్‌బాక్స్‌లో పడేయండి, యాప్ మాత్రం మీ కంపెనీకి సరిపోయేది వేసుకోండి. ఇంట్లో మూడు నాలుగు బళ్ళుంటే పెద్ద స్కానర్ తీసుకోవచ్చు. ఒక్క బండికైతే దండగ.

చిప్ మళ్ళీ గాడిలో పెడుతున్నా... మూత నొక్కా... కీ ఆన్. లైట్ వెలిగింది, ఆరింది. వినండి... ఆడుతోంది. పాత షెల్ మాత్రం ఇంకా డ్రాయర్‌లోనే ఉంది, పారేయడానికి చెయ్యి రావట్లేదు.