హెలెన్ అలింగ్‌హామ్ గీసిన కిటికీలు

అందరికీ నమస్కారం. పాత బిస్కెట్ డబ్బాల మీదా, గ్రీటింగ్ కార్డుల మీదా ఓ రకం బొమ్మ మీరు చూసే ఉంటారు. ఇంగ్లండ్ పల్లెటూళ్లో గడ్డి కప్పిన ఓ చిన్న ఇల్లు, వాకిట్లో పూలమొక్కలు, గేటు దగ్గర తెల్ల ఏప్రన్ కట్టుకున్న పిల్ల. ఆ తరహా బొమ్మలకు పేరు తెచ్చినావిడ హెలెన్ అలింగ్‌హామ్. నిజం చెప్పాలంటే మొదట్లో నాకవి చక్కెర ఎక్కువైన పాయసంలా అనిపించేవి.

ఆవిడ 1848లో డెర్బీషైర్‌లో పుట్టింది. ఏడుగురు పిల్లల్లో పెద్దది. తండ్రి డాక్టరు. 1862లో డిఫ్తీరియా ప్రబలితే, రోగులకు వైద్యం చేస్తూ ఆయనా దానికే బలయ్యాడు, మూడేళ్ల చెల్లెలు కూడా పోయింది. ఇక కుటుంబానికి బర్మింగ్‌హామే దిక్కయింది.

ఇక్కడ ఆవిడ పిన్ని సంగతి చెప్పాలి, నాకు భలే ఇష్టం ఆ కథ. లారా హెర్ఫర్డ్ అని, లండన్‌లో బొమ్మలు గీయడం నేర్పే రాయల్ అకాడమీ బళ్లో ఆడవాళ్లను చేర్చుకోని రోజుల్లో, 1860లో, పేరు పూర్తిగా రాయకుండా పొడి అక్షరాలతో తన డ్రాయింగ్ పంపించింది, వాళ్లు మగవాడనుకుని సీటిచ్చేశారు, తీరా చూస్తే ఆడవాళ్లు రాకూడదని రూల్సులో ఎక్కడా రాసి లేదు! పిన్ని తెరిచిన ఆ తలుపులోంచే 1867లో హెలెన్ కూడా వెళ్లింది.

తర్వాత పత్రికలకు బొమ్మలు వేస్తూ సంపాదించుకుంది. థామస్ హార్డీ నవల ఒకటి 1874లో సీరియల్‌గా వస్తుంటే దానికి బొమ్మలు ఈవిడవే. అదే ఏడు ఐర్లండ్ కవి విలియం అలింగ్‌హామ్‌తో పెళ్లి. ఆయనకు 50, ఈవిడకు 25. పత్రికల పని తగ్గించి నీటిరంగుల్లోకి దిగింది.

1881లో సర్రే జిల్లాలో విట్లీ దగ్గరికి కాపురం మార్చాక అసలు పని మొదలైంది. బొమ్మ వేయాల్సిన పాత ఇంటి ముందే కూర్చుని గీసేది. నీటిరంగుల్లో తెలుపంటే కాగితమే కదా, అందుకని ముందు రంగు వేసి, తడి స్పాంజితో అద్ది మెత్తబరిచి, ఆరాక చాకు మొనతో గీకి ఒక్కో పూరేకును బయటికి తీసేది. దగ్గరగా చూస్తే కాగితం మీద ఆ గీతలు కనిపిస్తాయి.

1889లో భర్త పోయాడు. ముగ్గురు పిల్లలు, ఇల్లు గడవాలి. అంటే ఆ తీపి బొమ్మలు అమ్ముడుపోతేనే పొయ్యి వెలిగేది. మరుసటి ఏడాదే రాయల్ వాటర్‌కలర్ సొసైటీలో పూర్తి సభ్యత్వం దక్కిన మొదటి మహిళ అయింది. అప్పటికి 15 ఏళ్లుగా అసోసియేట్‌గానే ఉంచారులెండి.

ఇంకొక్క మాట. అప్పట్లో రైలు వచ్చాక లండన్ డబ్బున్నవాళ్లు ఆ పాత ఇళ్లు కొని పడగొట్టడమో, రిపేర్ల పేరుతో రూపం మార్చడమో చేస్తుండేవాళ్లు. కొత్త కిటికీ పెట్టిన ఇల్లు ఎదురుగా కనిపిస్తున్నా, ఈవిడ మాత్రం కాగితం మీద దాన్ని తీసేసి, చిన్న చిన్న అద్దాల పాతకాలపు జాలీ కిటికీ గీసేది. కావాలనే.

1926 సెప్టెంబర్ 28న, 78వ పుట్టినరోజైన రెండు రోజులకు, హాసిల్‌మీర్‌లో ఉండగా పోయింది. తను గీసిన పాత ఇళ్లకు దగ్గర్లోనే.