పెళ్లికి క్రాక్స్ వేసుకెళ్లవచ్చా?

[తెర మీద: నెల్లూరు ట్రంకు రోడ్డులో చెప్పుల దుకాణం. గుత్తులుగా వేలాడుతున్న రంగురంగుల ఫోము చెప్పులు.]

ముందు పెద్దల మాట ఒప్పుకుందాం. క్రాక్స్ అనే ఈ ఫోము చెప్పులు అందంగా లేవు. ఉబ్బిన ముక్కు, నెత్తి నిండా చిల్లులు. "పెళ్లికి ఆ బాత్‌రూమ్ చెప్పులేమిటిరా" అని పెదనాన్న గదమాయిస్తే ఆయనను తప్పుపట్టలేం. 2010లో టైమ్ పత్రిక కూడా 50 చెత్త ఆవిష్కరణల జాబితాలో వీటిని చేర్చింది. ఏడేళ్లు తిరిగేసరికి ప్యారిస్ ఫ్యాషన్ ప్రదర్శనలో బాలెన్సియాగా సంస్థ వీటికే ఎత్తు సోలు తగిలించి మోడళ్లను నడిపించింది. 2021లో క్రాక్స్ కంపెనీ అమ్మకాలు 230 కోట్ల డాలర్లు దాటాయి. అందం మీద తగవు పెట్టుకుంటే తెల్లారేదాకా తేలదు. ఈ చెప్పును దేనికోసం చేశారన్నది మాత్రం తేలే విషయం.

పడవ కోసం చేశారు. 2002లో అమెరికాలోని ఫోర్ట్ లాడర్‌డేల్ పడవల ప్రదర్శనకు తెచ్చిన మొదటి 200 జతలూ అక్కడే అమ్ముడుపోయాయి. ఆ మోడల్ పేరు 'బీచ్'. ఆ చిల్లులు గాలి ఆడడానికే కాదు, లోపలికి వచ్చిన నీరు బయటికి పోవడానికి కూడా.

[తెర మీద: అడ్డంగా కోసిన ఫోము ముక్క, భూతద్దంలో.]

మార్కెట్లో దొరికే ఇలాంటి చెప్పుల్లో ఎక్కువ భాగం ఈవీఏ, అంటే ఇథిలీన్ వినైల్ అసిటేట్‌తో చేసినవే. గిన్నెలు తోమే స్పాంజిలో గదులు ఒకదానిలోకి ఒకటి తెరుచుకుని ఉంటాయి, అందుకే నీరు తాగుతుంది. ఇందులో ప్రతి గాలి బుడగా విడిగా మూసుకుని ఉంటుంది. కాబట్టి తడవదు, బరువెక్కదు, నీళ్లలో పడినా తేలుతుంది. దీనికి పడనిది వేడి. రోహిణి కార్తెలో అద్దాలు మూసిన కారులోనో, మిద్దె మీద మిట్టమధ్యాహ్నపు ఎండలోనో వదిలేస్తే కుంచించుకుపోతుంది. మళ్లీ పాత సైజుకు రాదు. కడిగాక నీడన ఆరబెట్టండి.

[తెర మీద: రొయ్యల చెరువు గట్టు. తిరుగుతున్న ఏరేటర్లు.]

ఇక మన ఊళ్ల సంగతి. నెల్లూరు తీరంలో రొయ్యల చెరువు దగ్గర పనిచేసేవారికి ఇంతకన్నా అనువైన చెప్పు చెప్పమంటే నేను చెప్పలేను. ఉప్పునీటికి తోలు చెప్పు పాడవుతుంది, బట్ట బూటు కంపు కొడుతుంది. దీన్ని నాలుగు చెంబుల నీళ్లతో కడిగేస్తే చాలు. కానీ గట్టు మీద సర్కారు తుమ్మ ఉంటే మాత్రం జాగ్రత్త! ఆ ముల్లుకు ఈ మెత్తని ఫోము ఒక అడ్డే కాదు, సూటిగా పాదంలో దిగుతుంది. మైపాడు, కొత్తపట్నం తీరాల్లో ఇసుక చిల్లుల్లోంచి వస్తుంది, పోతుంది. దాన్ని నేను లెక్కలోకి తీసుకోను.

నన్ను భయపెట్టేది నున్నని మెట్లు. చీమకుర్తి గెలాక్సీ గ్రానైటు పరిచిన ఇళ్లు ఒంగోలు చుట్టుపక్కల ఎన్నో ఉన్నాయి. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు మన వానలు. అడుగున గీతలు అరిగిపోయిన ఫోము చెప్పుతో తడిసిన గ్రానైటు మీద కాలు మోపితే ఏమవుతుందో వేరే చెప్పక్కరలేదు. పైభాగం ఎంత కొత్తగా కనిపించినా, అడుగు నున్నబడిన రోజే వాటిని మార్చేయాలి. అదే చీమకుర్తి క్వారీల్లోకి, వేడి నూనె చిందే వంటశాలల్లోకి ఈ చిల్లుల చెప్పులు అసలే వద్దు. అందుకే వంటశాలల కోసం చిల్లులు లేని రకాలు వేరుగా తయారవుతున్నాయి.

పిల్లలతో మాల్‌కు వెళ్లేవారికి ఒక మాట. మెత్తని అంచు ఎస్కలేటర్ పక్క సందులో ఇరుక్కుని పిల్లల వేళ్లకు గాయాలైన సంఘటనలు చాలా దేశాల్లో జరిగాయి. 2008లో జపాన్ ప్రభుత్వం డిజైన్ మార్చమని కంపెనీని కోరింది. పిల్లల్ని మెట్టు మధ్యలో, చెయ్యి పట్టుకుని నిలబెట్టండి.

మధుమేహం ఉన్నవారు మెత్తగా ఉన్నాయి కదా అని తమంతట తామే వీటికి మారిపోవద్దు. పాదం స్పర్శ తగ్గినవారికి మన వైద్యులు సాధారణంగా సూచించేది ఎంసీఆర్ చెప్పులు. మైక్రో సెల్యులార్ రబ్బరుతో చేసిన వీటికి మడమ వెనక పట్టీ ఉంటుంది. వదులు చెప్పు జారకుండా వేళ్లతో బిగబట్టి నడవడం, లోపల దూరిన గులకరాయి తెలియకపోవడం, వాళ్లకు ఇవి రెండూ ప్రమాదమే.

మరి పెళ్లికి? నిక్షేపంగా వేసుకెళ్లండి. మంటపం ఎక్కేముందు ఎలాగూ బయట విడిచేవే! ఇబ్బందల్లా తిరిగి వచ్చాకే. గుమ్మం దగ్గర ఒకే సైజు నల్ల జతలు పది ఉంటాయి. అందుకని చిల్లుల్లో గుచ్చుకునే ఆ బొమ్మ బిళ్లల్లో కాస్త వింతది ఒకటి ముందే కొని పెట్టుకోండి. మా పెదనాన్న జతకు నేను నెమలిని గుచ్చాను.