పద్నాలుగో ప్రశ్న

(2025 అక్టోబరు 10, ప్రపంచ మానసిక ఆరోగ్య దినం నాడు కృష్ణా జిల్లా తీర గ్రామాల స్వచ్ఛంద సేవకుల శిక్షణ సభలో చేసిన ప్రసంగం)

వేదిక మీది పెద్దలకు, ముందు వరుసలోని అధికారులకు, వెనక గోడకు ఆనుకుని నిలబడిన ఆశా కార్యకర్తలకు, అంగన్‌వాడీ టీచర్లకు, కాలేజీ పిల్లలకు నమస్కారం. నిలబడినవాళ్ళు ముందు కూర్చోండి. పక్క గదిలో బెంచీలున్నాయి, తెచ్చుకోండి. నేను ఆగుతాను. శాలువా వద్దని నిన్న ఫోనులోనే చెప్పాను. అయినా కప్పారు. సంతోషం. ఈ ఉక్కపోతలో దాన్ని మడిచి బల్ల మీద పెడుతున్నాను, ఏమీ అనుకోకండి.

నాకిచ్చిన అంశం ‘విపత్తులలో మానసిక, సామాజిక మద్దతు’. ఇరవై నిమిషాలు మాట్లాడమన్నారు. రాత్రి కూర్చుని ఆరు పేజీలు రాసుకొచ్చాను. పొద్దున ఇక్కడికి రాగానే మీ అందరికీ పంచిన పత్రం నాకూ ఒకటి ఇచ్చారు. తుపాను శిబిరంలో బాధితుల దగ్గర కూర్చుని నింపాల్సిన పత్రం, ముప్పై రెండు ప్రశ్నలు. అందులో పద్నాలుగోది చదివాక నా ఆరు పేజీలూ సంచిలో పెట్టేశాను. చదువుతాను వినండి. ‘సంఘటన జరిగిన సమయంలో మీరు ఏమి చూశారు? వివరంగా తెలపండి.’ రాయటానికి కింద నాలుగు గీతలు.

ఈ పత్రం ఎవరు తయారుచేశారో నేను అడగను. మంచి మనసుతోనే చేసి ఉంటారు. ఆ ప్రశ్న నేనూ ఒకసారి అడిగాను, మంచి మనసుతోనే.

1977 నవంబరు 19, శనివారం. ఈ సభలో తల నెరిసినవాళ్ళకు నేను చెప్పక్కరలేదు. ‘తుపాను’ అనరు ఇక్కడ ఎవరూ, ‘ఉప్పెన’ అంటారు. ఫలానావాడు ఉప్పెనకు ముందు పుట్టాడు, ఫలానా పెళ్ళి ఉప్పెన తరువాత జరిగింది అని ఇప్పటికీ లెక్క చెబుతారు. పది వేల మందికి పైగా పోయారని రికార్డు. సొర్లగొంది, పాలకాయతిప్ప, హంసలదీవి వైపు మనుషుల ఎత్తును దాటి, ఇళ్ళ ఎత్తును దాటి వచ్చింది సముద్రం. తాడిచెట్టు దొరికినవాడు బతికాడు.

అప్పుడు నాకు పంతొమ్మిదేళ్ళు. కాలేజీ నుంచి ఒక లారీలో ఇరవై మందిమి వచ్చాం. నాగాయలంక దగ్గర ఒక బడిలో శిబిరం. అక్కడ ఒకామె ఉండేది. ముప్పై ఏళ్ళుంటాయేమో. పేరు చెప్పను. ఎవరో దానంగా పంపిన పాత బట్టల మూటలోంచి ఆమె వాటాకు మగవాళ్ళ చొక్కా ఒకటి వచ్చింది. తడి చీర మీద ఆ చొక్కా తొడుక్కుని, బ్లాక్‌బోర్డు కింద గోడకు ఆనుకుని కూర్చునేది. ఎవరేమడిగినా ఒకటే మాట: “గడియ నేనే వేశాను.”

పత్రికలవాళ్ళు వచ్చారు, అడిగారు. “గడియ నేనే వేశాను.” నాయకులు పరామర్శకు వచ్చారు, అడిగారు. అదే మాట. మందులిచ్చే డాక్టరు అడిగారు, బట్టలు పంచేవాళ్ళు అడిగారు. అయిదో రోజున నేను వెళ్ళి పక్కన కూర్చుని, చెయ్యి పట్టుకుని, చాలా మెత్తగా అడిగాను. “అక్కా, ఏం జరిగిందో చెప్పు, గుండె బరువు తగ్గుతుంది” అన్నాను. ఆమె నా చేతిలోంచి చెయ్యి లాక్కుంది. ఆ రాత్రంతా లేచి తలుపు దగ్గరికి వెళ్ళటం, గడియ తడమటం, వెనక్కి రావటం. బడి తలుపుకు గడియ విరిగిపోయి ఉంది, మేకు మాత్రమే మిగిలింది. ఆ మేకును తడిమేది.

చెప్పుకుంటే బరువు తగ్గుతుందని మనందరి నమ్మకం. మన పరామర్శలో ఉన్న గుణమూ దోషమూ రెండూ ఇక్కడే ఉన్నాయి. చావు జరిగిన ఇంట్లో పొయ్యి వెలిగించరు, ఇరుగుపొరుగులు అన్నం వండి తెస్తారు. అరుగు మీద నలుగురు ఊరికే కూర్చుంటారు, ఏమీ మాట్లాడకుండా. ఎంత గొప్ప వైద్యం అది! కానీ వచ్చిన ప్రతివాళ్ళూ “ఎలా జరిగింది?” అని అడిగి ఆ ఇల్లాలి చేత మొదటి నుంచి చెప్పిస్తారు చూశారూ, అది గోరుచుట్టు మీద రోకటి పోటు.

చదువుకున్నవాళ్ళూ ఇదే పొరపాటు చేశారు. 1980ల తరువాత కొన్ని దేశాల్లో ఒక పద్ధతి బాగా ప్రచారమైంది. ప్రమాదం జరిగిన కొద్ది రోజుల్లోనే బాధితులను కూర్చోబెట్టి, చూసినదంతా ఒక్క విడతలో చెప్పించటం. పరిశోధకులు పరీక్షించి చూస్తే తరువాత వచ్చే జబ్బును అది ఆపలేదు, కొందరికి హాని కూడా చేసింది. అలా చెయ్యవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ స్పష్టంగా చెబుతోంది. 2011లో వాళ్ళు ప్రచురించిన మానసిక ప్రథమ చికిత్స పుస్తకంలో సూత్రాలు మూడే: చూడటం, వినటం, అయినవాళ్ళతోనూ కావలసిన సాయంతోనూ కలపటం. వినటం అంటే చెప్పదలచుకున్నవాళ్ళు చెబితే వినటం. గుచ్చి అడగటం అందులో లేదు. వద్దు అనుకున్నవాళ్ళ పక్కన మంచినీళ్ళ గ్లాసు పెట్టి కూర్చోవటమూ వినటమే.

శిబిరం సంగతి పూర్తిచేస్తాను. ఎనిమిదో రోజో తొమ్మిదో రోజో. తెనాలి వైపు నుంచి వచ్చిన ఒక వంటాయన ఉండేవాడు, పెద్దవాడు, నోరు దురుసు. వంకాయల బస్తా వచ్చింది, తరిగే చేతులు చాలలేదు. ఆయన కత్తిపీట తెచ్చి ఆమె ముందు ఠక్కున పెట్టి, “అమ్మాయ్, కూర్చుని ఏం చేస్తావు, ఇవి తరుగు, పొయ్యి మీద ఎసరు మరిగిపోతోంది” అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. పోట్లాడబోయాను కూడా. ఆమె కత్తిపీట వైపు చూసింది. కాలు వేసి తొక్కిపట్టింది. రెండు కాయలు తరిగింది. తలెత్తి, “ఈ కత్తిపీటకు పదునే లేదు, ఎవరు తెచ్చారు దీన్ని?” అంది.

తొమ్మిది రోజుల్లో గడియ లేకుండా ఆమె అన్న మొదటి మాట అది.

ఆ సాయంత్రానికి వంటాయన మీదే అరుస్తోంది, ఉప్పు ఎక్కువైందని. మేము తిరిగి వెళ్ళేనాటికి ఎన్ని గిద్దెల నూనె, ఎన్ని కుంచాల బియ్యం అన్న లెక్క ఆమె నోట్లోనే ఉండేది. నయమైందని నేననటం లేదు. రాత్రిళ్ళు లేచేది, మేకు తడిమేది. కానీ పగలు ఆమెకొకటి దొరికింది.

ముప్పై ఏళ్ళు మానసిక వైద్య విభాగాల్లో సామాజిక కార్యకర్తగా పనిచేశాను. 2007లో ఐక్యరాజ్య సమితి సంస్థలు, సహాయ సంస్థలు కలిసి విపత్తులలో మానసిక ఆరోగ్యం మీద మార్గదర్శకాలు విడుదల చేసినప్పుడు అందులో పిరమిడ్ బొమ్మ చూశాను. అడుగు అంతస్తు అన్నం, నీళ్ళు, గూడు, భద్రత, అవీ మనిషి గౌరవం చెడకుండా. దాని పైన కుటుంబం, ఊరు. ఆ పైన శిక్షణ పొందిన మీలాంటివాళ్ళ సాయం. కొసన మాత్రమే నిపుణులు. చూడగానే నాకు కత్తిపీట గుర్తొచ్చింది. మనవాళ్ళూ 2009లో జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ పేరున ఇలాంటి మార్గదర్శకాలు తెచ్చారు. అంతకుముందే 1999 ఒడిశా పెను తుపాను, 2001 గుజరాత్ భూకంపం, 2004 సునామీ సమయాల్లో బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్‌హాన్స్‌వాళ్ళు ఊళ్ళోని మామూలు కార్యకర్తలకు శిక్షణ ఇచ్చి పని నడిపించారు. అందరికీ డాక్టరు ఎక్కడ దొరుకుతాడు?

గౌరవం అన్నాను. విస్తరి వేసి వడ్డించటం ఒకటి, లారీ మీదనుంచి పొట్లాలు విసరటం ఒకటి. రెండిట్లోనూ ఉన్నది అదే పులిహోర. విసిరిన పొట్లం అందుకోవటానికి ముసలాయన చేతులు చాచి పరుగెత్తుతుంటే ఫోటో తీస్తారే, ఆ ఫోటో ఆయన మనవడు చూస్తాడు.

శవాల సంగతి కూడా చెప్పాలి. భోజనాల ముందు చెబుతున్నానని అధికారులు విసుక్కోవద్దు. ఉప్పెనలో శవాలను గుట్టలుగా వేసి దహనం చేశారు. అంటురోగాలు వస్తాయన్న భయం. ప్రకృతి విపత్తులో పోయినవాళ్ళ శవాల వల్ల మామూలుగా మహమ్మారులు పుట్టవని ఇప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఎవరో ఏమిటో రాయకుండా తగలబెడితే వెనక ఉన్నవాళ్ళ గతి ఏమిటి? భర్త శవం దొరకని ఆడమనిషి బొట్టు ఉంచుకోవాలా, తీసెయ్యాలా? దర్భలతో బొమ్మ చేసి దహనం చేసే విధి మన శాస్త్రంలో ఉంది, కానీ మనిషి పోయాడని మనసు ఒప్పుకుంటేగా! మామూలుగా ఏడేళ్ళు ఏ కబురూ లేకపోతేనే ఆ మనిషి పోయినట్టు కోర్టు భావిస్తుంది. ఇప్పుడు మీ అందరి జేబుల్లో కెమెరాలున్నాయి. ముఖం, బట్టలు, ఒంటి మీది గుర్తు, దొరికిన చోటు, ఒక నంబరు. రెండు నిమిషాల పని. మీ పత్రంలో దానికి ఒక్క గడి లేదు.

కబురు అంటే గుర్తొచ్చింది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు నేను విశాఖలో ఉన్నాను. కరెంటు లేదు, ఫోన్లు లేవు. మా వీధి చివర ఒక సెలూన్ అబ్బాయి జనరేటరు పెట్టి అందరి ఫోన్లూ చార్జింగ్ చేసిపెట్టాడు. సిగ్నల్ దొరికే మేడ ఎక్కి ఒక ముసలమ్మ అమెరికాలో ఉన్న కొడుకుతో “బతికే ఉన్నాంరా” అన్న ఒక్క మాట అని కిందికి దిగి, నాలుగు రోజుల తరువాత ఆ పూట నిద్రపోయింది. నా ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో అంత త్వరగా ఎవరికీ నిద్ర తెప్పించలేదు నేను.

అలాగని డాక్టరు అక్కరలేదని కాదు. యుద్ధాలు, సంఘర్షణలు చూసిన ప్రాంతాల్లో ప్రతి అయిదుగురిలో ఒకరికి ఏదో ఒక మానసిక రుగ్మత ఉంటుందని అంచనా. మూర్ఛకో, మతిభ్రమణకో ఏళ్ళ తరబడి మాత్రలు వాడేవాళ్ళ మాత్రల డబ్బా వరదలో కొట్టుకుపోతుంది. శిబిరానికి రాగానే వాళ్ళను వెతకండి, మూడో రోజుకే వాళ్ళకు ప్రమాదం. చచ్చిపోతానంటున్నవాళ్ళను, వారాలు గడిచినా తిండీ నిద్రా లేనివాళ్ళను ఒంటరిగా వదలకండి. ఫోనులో మానసిక సాయం చేసే ప్రభుత్వ సేవ టెలి మానస్ నంబరు 14416, తెలుగులో మాట్లాడతారు. గోడ మీద పెద్దగా రాయండి. ఏడ్చే ప్రతివాళ్ళకూ నిద్ర మాత్ర ఇమ్మని మాత్రం డాక్టరును సతాయించకండి. ఏడవటం జబ్బు కాదు.

గంట మోగించారు. అర్థమైంది, రెండు నిమిషాలు.

1990 మే నెల తుపానుకు మళ్ళీ ఇటు వచ్చాను. ఈసారి ముందే లక్షల మందిని తరలించారు, పోయినవాళ్ళు వెయ్యికి లోపే. ఒక తుపాను షెల్టరులో ఆమె కనిపించింది. జుట్టు నెరిసింది. పిల్లల్ని వరసగా కూర్చోబెట్టి గంజి పోస్తోంది. నన్ను గుర్తుపట్టి, “ఏం అమ్మాయీ, ఇంకా కాగితాలు రాస్తూనే ఉన్నావా?” అంది. నవ్వాను. షెల్టరు పెద్ద తలుపుకు ఇటుక ఒకటి అడ్డం పెట్టి ఉంది, గాలికి మూసుకుపోకుండా. అది ఎవరు పెట్టారో నేను అడగలేదు. గడియ సంగతి ఆమె నాకు ఎప్పుడూ చెప్పలేదు.

ఇప్పుడు మీ పెన్నులు తియ్యండి. లేనివాళ్ళకు పక్కవాళ్ళు ఇవ్వండి. రెండో పేజీ, పద్నాలుగో ప్రశ్న. కొట్టెయ్యండి. నిర్వాహకులకు నేను చెప్పుకుంటాను, తప్పు నాది. కొట్టేశారా? ఆ నాలుగు గీతలు ఖాళీగా ఉన్నాయి కదా, వాటి పైన ఇలా రాసుకోండి: ‘ఎవరి కబురు తెలియాలి? వాళ్ళు ఏ ఊళ్ళో ఉంటారు? ఫోను నంబరు ఏమిటి?’ వెనక ఉన్నవాళ్ళకు వినిపించిందా? మళ్ళీ చెబుతాను, నెమ్మదిగా రాసుకోండి.