కొబ్బరికి సముద్రం కావాలా, నీళ్లు కావాలా?

[దృశ్యం: అంతర్వేది తీరం. ఇసుక మీద వంగిన కొబ్బరి చెట్లు, అలల చప్పుడు]

నమస్కారం. కొబ్బరి అనగానే మనకు సముద్రపు ఒడ్డే గుర్తొస్తుంది. క్యాలెండర్ బొమ్మల్లోనూ సినిమా పాటల్లోనూ చూసి చూసి, ఉప్పుగాలి తగిలితేనే ఈ చెట్టు కాస్తుందని చాలామంది నమ్ముతారు. ఆ లెక్కన కర్ణాటకలోని తిపటూరులో ఒక్క కాయ కూడా కాయకూడదు.

[దృశ్యం: మ్యాప్ మీద తిపటూరు, అక్కడి నుంచి అరేబియా సముద్రం వరకు గీత]

తిపటూరు సముద్రానికి నూట యాభై కిలోమీటర్ల పైనే దూరం, ఎత్తు ఎనిమిది వందల మీటర్ల పైన. అయినా కురిడీ కొబ్బరికి దేశమంతా పేరున్న మార్కెట్ అది. మరి ఒడ్డు మీద కొబ్బరి ఎందుకంత బాగా పెరుగుతుంది? అక్కడ చలికాలం కూడా వెచ్చగానే ఉంటుంది, గాలిలో తేమ తగ్గదు. ఇసుక కింద మంచినీటి పొర ఉండి, ఆటుపోట్లతో పాటు పైకీ కిందికీ కదులుతూ ఉంటుంది. వేరుకు నీరూ అందుతుంది, గాలీ అందుతుంది. ఆ ఏర్పాటు ఎక్కడున్నా కొబ్బరి కాస్తుంది.

[తెర మీద అంకెలు: 27 డిగ్రీలు | ఏడాదికి సుమారు 2000 మి.మీ. వాన | తేమ 80–85 శాతం]

ఇవి పుస్తకాల్లో కనిపించే ఆదర్శ అంకెలు. సగటు వేడి 27 డిగ్రీలు, పగటికీ రాత్రికీ ఐదు నుంచి ఏడు డిగ్రీల తేడా. వాన రెండు వేల మిల్లీమీటర్లయినా, అదంతా మూడు నెలల్లో కురిసి మిగతా ఏడాది ఎండితే లాభం లేదు. కోనసీమకు ఈ లోటును చాలావరకు తీర్చింది గోదావరి కాలువలే. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక డెల్టాకు నీరు పారింది, భూమిలో తేమ నిలిచింది. ఒండ్రు నేల ఎలాగూ ఉంది.

[దృశ్యం: అంబాజీపేట వైపు తోట. పాదు తవ్వి వేర్లు చూపించాలి, దగ్గరగా]

ఇప్పుడు అసలు సంగతి, వేరు. కొబ్బరికి తల్లివేరు ఉండదు. మొదలు నుంచి వేల కొద్దీ పీచు వేర్లు బయలుదేరతాయి. వాటిలో ఎక్కువ భాగం చెట్టు చుట్టూ రెండు మీటర్లలోపే ఉంటాయి. వేళ్ల దగ్గర రోజుల తరబడి నీరు నిలిస్తే గాలి ఆడక అవి కుళ్లిపోతాయి. అందుకే నేల కనీసం నాలుగడుగుల లోతుండాలి, అడుగున రాయి గానీ గట్టి బంకమట్టి గానీ అడ్డుపడకూడదు.

[దృశ్యం: రాజోలు ప్రాంతం. మొవ్వు రాలిన మోడులు, పక్కన పూడిన మురుగు కాలువ]

ఇది శంకరగుప్తం డ్రెయిన్ పరిసరం. పోటు సమయంలో సముద్రపు నీరు ఎగదన్ని తోటల్లోకి వస్తుంది. డ్రెయిన్ పూడిపోతే వచ్చిన నీరు వెనక్కి పోదు. ఇక్కడ చాలా తోటలు మోడుబారాయి. ‘కొబ్బరి ఉప్పుకు తట్టుకుంటుంది కదా’ అంటారు. తట్టుకుంటుంది, ఉప్పు వచ్చి పోతుంటే. కదలకుండా నిలిచిన ఉప్పునీటిని మాత్రం ఏ కొబ్బరీ భరించదు. తీరాన పుట్టి పెరిగిన చెట్టు సముద్రపు నీటికే చచ్చిపోవడం చూస్తే, మన డ్రెయిన్లను మనం ఎంత నిర్లక్ష్యం చేశామో తెలుస్తుంది.

మొక్క నాటేటప్పుడు గోతిలో కల్లుప్పు వేసే అలవాటు కూడా ఉంది. దాని వెనుక కొంత నిజం లేకపోలేదు. ఆకు రంధ్రాలు తెరుచుకోవడానికీ మూసుకోవడానికీ కొబ్బరికి ఉప్పులో ఉండే క్లోరిన్ అవసరం. ఏటా వేసే మ్యూరేట్ ఆఫ్ పొటాష్ ఎరువులోనే అది దొరుకుతుంది. కాపుకొచ్చిన చెట్టుకు ఏడాదికి రెండు కిలోల దాకా పొటాష్ సిఫార్సు చేస్తారు. అంత వేస్తే ఉప్పు విడిగా అక్కర్లేదు.

వెలుతురు గురించి ఒక్క మాట. చెట్టుకీ చెట్టుకీ కనీసం పాతికడుగుల దూరం వదలండి. ఎకరానికి డెబ్బై మొక్కలు దాటించకండి. ఖాళీగా ఉందని మధ్యలో ఇంకో వరుస పెడితే అన్నీ ఎండ కోసం పొడుగ్గా సాగి, కాయ తగ్గుతుంది. ఆ ఖాళీలో కోకో, అరటి, కంద పెట్టుకోవచ్చు.

[యానిమేషన్: మొవ్వు లోపల పూమొగ్గ మొదలవడం, నెలలు కదలడం]

దిగుబడి తగ్గినప్పుడు రైతులు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. మొవ్వు లోపల పూగెల మొదలైన తర్వాత అది విచ్చుకోవడానికి సుమారు 32 నెలలు పడుతుంది. ఆపైన కాయ ముదరడానికి మరో ఏడాది. అంటే ఈ దింపులో దిగిన కాయ మూడున్నరేళ్ల కిందటే పని మొదలుపెట్టింది. కాలువలకు నీరు ఆపేసిన ఒక వేసవిలో పాదు ఎండిపోతే కొన్ని పిందెలు అప్పుడే రాలతాయి. మిగతా నష్టం రెండు మూడేళ్లు విడతలుగా బయటపడుతుంది. ఈ ఏడు వానలు బాగా పడినా కాయ లేదేమిటని మందుల షాపుకి పరిగెత్తి లాభం లేదు. వెనకటి వేసవుల్లో తడి ఎలా ఇచ్చామో ముందు గుర్తుతెచ్చుకోవాలి.

కాబట్టి వేసవిలో నాలుగు రోజులకోసారి చెట్టుకు రెండు వందల లీటర్ల నీరు పెట్టండి. పాదులో కొబ్బరి డొక్కలు, ఎండు మట్టలు పరిస్తే తడి ఆరదు. అశ్వారావుపేట లాంటి సముద్రానికి దూరమైన ప్రాంతాల్లో వడగాలి కూడా ఉంటుంది గనుక ఇది మరీ ముఖ్యం.

[దృశ్యం: వాన వెలిసిన పొలంలో మీటరు లోతు గొయ్యి]

కొత్తగా తోట వేద్దామనుకునేవాళ్లు నర్సరీకి వెళ్లే ముందు, వానాకాలంలో పొలంలో మీటరు లోతు గొయ్యి తవ్వి, పెద్ద వాన వెలిసిన రెండు రోజులకు వెళ్లి చూడండి. నీరు ఇంకిపోతే మొక్కలు తెచ్చుకోండి. సగం గొయ్యి ఇంకా నిండి ఉంటే, మొక్కలకని దాచిన డబ్బుతో ముందు మురుగు బోదెలు తవ్వించండి.